సుబేదారుపేట సందులో ఎంబీలియా బెల్: పాత క్యాసెట్లకు ప్రాణం పోసే ఒక అంగడి

నెల్లూరు సుబేదారుపేటలో ఒక సన్నటి సందు చివర, నీలం రేకు మీద ‘రేడియోలు, టేపులు బాగు చేయబడును’ అని తెల్లటి అక్షరాలతో రాసిన బోర్డు తప్ప వేరే పేరంటూ లేని ఒక అంగడి ఉంది. పాత క్యాసెట్లలోని పాటలను కంప్యూటరులోకి ఎక్కించి పెన్‌డ్రైవులో పెట్టి ఇవ్వడమే ఇప్పుడు అక్కడ ఎక్కువగా జరిగే పని. నాలుగు నెలల్లో నేను కావలి నుంచి అక్కడికి ఐదు సార్లు వెళ్లాను. మూడు క్యాసెట్లు ఇచ్చి, రెండున్నర క్యాసెట్ల పాటలు తెచ్చుకున్నాను. మిగిలిన సగం సంగతి చివర చెబుతాను. ఆ మూడింటిలోనూ ప్రధానంగా వినిపించేది ఒకే గొంతు, 1959లో కాంగో రాజధాని కిన్షాసాలో పుట్టిన ఎంబీలియా బెల్ గొంతు. ఆమె ఎవరో, ఏం పాడిందో చెప్పకుండా ఈ అంగడి పనితనాన్ని అంచనా కట్టడం కుదరదు. అక్కడి మెకానిక్కు చేసిన మేలూ, ఒకచోట చేసిన పొరపాటూ రెండూ ఆ గొంతు దగ్గరే బయటపడ్డాయి.

ముందుగా ఆ క్యాసెట్లు నా చేతికి ఎట్లా వచ్చాయో చెప్పాలి. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరయిన వాణ్ణి. 2007లో ఐక్యరాజ్యసమితి శాంతి దళంతో కాంగో తూర్పు కొసన ఉన్న గోమా పట్టణానికి వెళ్లి, మన దళం నడిపే ఆసుపత్రిలో ఏడాది పాటు పనిచేశాను. గోమాకు ఒక పక్క కివూ సరస్సు, ఇంకో పక్క ఞిరగోంగో అగ్నిపర్వతం. 2002 జనవరిలో ఆ కొండ పగిలి లావా ఊరి నడిబొడ్డు గుండా సరస్సు దాకా పారిందట. మేము వెళ్లేనాటికి అది గడ్డకట్టి నల్లరాయిగా మారి ఉంది, జనం ఆ రాతినే కొట్టి ప్రహరీలు కట్టుకున్నారు. చుకుడు అని పిలిచే చెక్కబండ్ల మీద, అంటే పిల్లలు ఒంటికాలితో తోసుకుపోయే బండిలాంటి దాన్ని మనిషంత ఎత్తున చేసుకుని, దాని మీద బొగ్గు బస్తాలూ బంగాళాదుంపల మూటలూ వేసుకుని వాలులో దూసుకొచ్చేవాళ్లు. సరస్సులో పట్టిన సంబాజా అనే చిన్న చేపలను నూనెలో కరకరలాడేటట్టు వేయించి అమ్మేవాళ్లు. నెత్తళ్ల వేపుడు తిని పెరిగిన నాకు అవి పరాయి తిండి అనిపించలేదు. ఆ చేపలమ్మే చోటే, ఒక డబ్బా కొట్టులో, వరసగా నిలబెట్టిన క్యాసెట్ల నుంచి ఈ మూడూ కొన్నాను. కంపెనీ సరుకు కాదు, ఎవరో ఇంట్లో కూర్చుని కాపీలు తీసినవి. అట్ట మీద ఆమె పేరు బాల్‌పెన్నుతో రాసి ఉంది.

కొనడానికి ఒక కారణం ఉంది. ఆసుపత్రిలో మేము నేర్చుకున్న మొదటి స్వాహిలీ వాక్యం ‘ఉనౌమ్వా వాపి?’ అంటే, నీకు నొప్పి ఎక్కడ? వచ్చిన ప్రతి మనిషినీ అదే అడగాలి. ‘వాపి’ అంటే ఎక్కడ అని రెండో రోజుకే తెలిసిపోయింది. ఒక సాయంత్రం కొట్టు దగ్గర పాట వినిపిస్తుంటే, అందులో ఒక ఆడమనిషి మళ్లీ మళ్లీ ‘వాపి’ అంటున్నది. మా దుబాసీని అడిగాను. అతను కిసంగాని వైపు మనిషి, లింగాలా అతని ఇంటి భాష. నవ్వి, ‘డాక్టర్, ఆమె కూడా మీరు అడిగేదే అడుగుతోంది, నీకు ఎక్కడ నొప్పెట్టింది అని’ అన్నాడు. నేను డాక్టరును కానని ఎన్నిసార్లు చెప్పినా అతను ఆ పిలుపు మానలేదు. లింగాలాలోని ఆ పాట ‘ఎస్వి యో వాపి’. 1983లో వచ్చిన ఆమె మొదటి ఆల్బమ్ పేరు కూడా అదే. ఆ ఏటి మేటి పాటగా ఆమె దేశంలో దానికి బహుమతి దక్కింది. అప్పట్లో ఆ దేశాన్ని జాయీర్ అనేవాళ్లు.

తిరిగి వచ్చాక ఐదారేళ్లు ఆ క్యాసెట్లు వింటూనే ఉన్నాను. తరువాత టేపు రికార్డరు పాడయింది, క్యాసెట్లు ట్రంకుపెట్టెలో యూనిఫారాల కిందికి చేరాయి. మన కోస్తా గాలిలోని చెమ్మ సంగతి తెలిసిందే కదా. మూడేళ్ల కిందట తీసి చూస్తే రీలు చుట్ట మీద తెల్లగా బూజు. వేరే ఊళ్లో ఒక ఫొటో స్టూడియోలో ‘క్యాసెట్ టు పెన్‌డ్రైవ్’ అని రాసి ఉంటే మొదటి క్యాసెట్టు ఇచ్చాను. ఆ కుర్రవాడు బూజు తుడవకుండానే మిషన్లో పెట్టాడు. రీలు రోలరుకు చుట్టుకుని జానెడు పొడవున నలిగి తెగింది. తెగిన చోట మామూలు గమ్ టేపు అంటించి, ఏమీ జరగనట్టు నా చేతికిచ్చాడు. గమ్ టేపు జిగురు ఎండకు కరిగి పక్క పొరలకు అంటుకుంటుందనీ, అలా అంటిన రీలును ఆడిస్తే ఆ బంక, రీలు మీది పాటను చదివే హెడ్డు మీదికి ఎక్కుతుందనీ ఆ తరువాత నెల్లూరులో తెలిసింది. నేను ఆ స్టూడియోతో గొడవపడలేదు, ఇరవై రూపాయలు తగ్గించి తీసుకున్నాడు, అంతే.

నెల్లూరు అంగడాయన వయసు అరవై దాటి ఉంటుంది. అందరూ భాయ్ అంటారు, నేనూ అట్లాగే పిలిచాను. 1980లలో ఆయన ఇదే అంగట్లో పాటలు నింపి ఇచ్చేవాడట. చీటీ మీద పన్నెండు పాటలు రాసి, ఖాళీ సోనీ క్యాసెట్టో టీడీకేనో ఇచ్చి వెళితే రెండు రోజులకు నింపి ఇచ్చే అంగళ్లు అప్పట్లో ప్రతి ఊళ్లోనూ ఉండేవి. నా తరం వాళ్లకు ఆ చీటీలు గుర్తుండే ఉంటాయి. ‘బాలు పాట లేని చీటీ ఒక్కటి రాలేదు సార్ ఈ అంగడికి’ అని ఆయన గొప్పగా చెప్పుకున్నాడు. బాలసుబ్రహ్మణ్యం గారి ఇల్లుండిన ఊరు కాబట్టి ఆ మాటలో అతిశయోక్తి ఉన్నా నేను ఎదురు చెప్పలేదు.

ఆయన నా క్యాసెట్టును చూసిన తీరు మొదటి నమ్మకం కలిగించింది. మిషన్లో పెట్టలేదు. కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి, నటరాజ్ పెన్సిలు పంటి చక్రంలో దూర్చి నాలుగు చుట్లు తిప్పి, రీలు ఎక్కడ బిగుసుకుంటున్నదో వేలితోనే పసిగట్టాడు. రీలును హెడ్డుకు ఒత్తి పట్టే చిన్న ఉన్ని ముక్క ఊడిపోయి ఉన్నదని చూపించాడు. అది లేకపోతే ధ్వని ఎగుడుదిగుడుగా వస్తుంది. మరలు విప్పి, రీలు చుట్టలను వేరే క్యాసెట్టు డొక్కులోకి మార్చాడు. మెత్తటి గుడ్డతో రీలును అంగుళం అంగుళం తుడుస్తూ చేత్తో చుట్టి బూజు తీశాడు. గమ్ టేపు అంటించిన చోట ఆ ముక్కను కత్తిరించి, రీళ్లు అతికించడానికే ఉండే పలుచటి పట్టీతో ఏటవాలుగా అతికాడు. నిలువుగా అతికితే ఆ చోట ‘టక్’ మంటుందట. ఇదంతా నా ముందే, ముప్పావు గంటలో జరిగింది. ఆ అతుకు దగ్గర పాటలో ఒకటి రెండు క్షణాలు పోయాయి. అది భాయ్ తప్పు కాదు.

ఆ తరువాతి పని ఇంకా మెచ్చుకోదగ్గది. క్యాసెట్టు ఆడుతుండగా, డెక్కు మూత తీసి, హెడ్డు పక్కనున్న పిసరంత మరను సన్నటి స్క్రూడ్రైవరుతో అటూ ఇటూ వెంట్రుకవాసి తిప్పాడు. మొదట దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టున్న పాట, ఒక చోటికి వచ్చేసరికి దుప్పటి తీసినట్టయింది. గిటారు తీగల మీటు, తాళం చప్పుడు విడివిడిగా వినిపించాయి. కాపీ తీసిన మిషన్లో హెడ్డు ఏ కోణంలో ఉందో మన మిషన్లోనూ హెడ్డు అదే కోణంలో ఉండాలట, ఒక్కో క్యాసెట్టుకు ఒక్కో లెక్క. కొత్తగా ఈ వ్యాపారంలోకి దిగిన వాళ్లు ఈ మరను ముట్టుకోరు. కొందరికి అది ఉందని కూడా తెలియదు.

అప్పుడు భాయ్ తల అడ్డంగా ఆడించాడు. ‘ఇది స్పీడుంది సార్. ఆయమ్మ గొంతు ఇట్టా ఉండదు. చిన్నపిల్ల గొంతు మాదిరిగా ఉండాదే!’ ఆమె పేరు కూడా నోరు తిరగని మనిషి, ఆ భాషలో ఒక్క ముక్క రాని మనిషి, పల్లవి సగం విని ఆ మాట అన్నాడు. నేను అంతకాలం ఆమెది అంత పలుచటి గొంతే అనుకుంటూ వచ్చాను. పాటకు వెనక సన్నగా ‘జ్‌’ మని ఒక మోత ఉంది. కరెంటు నుంచి రికార్డింగులోకి దూరే మోత అది. కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగేది, అక్కడా ఇక్కడా అదే లెక్క. కంప్యూటరు తెర మీద భాయ్ కొడుకు ఆ మోతను కొలిస్తే యాభై రెండు దగ్గర కనిపించింది. అంటే క్యాసెట్టు మొత్తం నూటికి నాలుగు పాళ్లు వేగంగా ఆడుతున్నది. గోమాలో కాపీ తీసిన మిషను నెమ్మదిగా తిరిగిందన్న మాట. ఆ నాలుగు పాళ్లూ తగ్గించి మళ్లీ ఆడించారు. పద్దెనిమిదేళ్లుగా నా చెవిలో ఉన్నది ఒక పిల్ల గొంతు. ఆ మధ్యాహ్నం సుబేదారుపేటలో మొదటిసారి ఒక నిండు ఆడమనిషి పాడగా విన్నాను. గొంతు కింది స్థాయిలో ఒక చిన్న బొంగురు ఉంది, వాక్యం చివర దాన్ని వదిలేస్తుంది. ఈ ఒక్క పనికే ఈ అంగడికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఇంటర్నెట్టులో అదే పాటను వెతికి పక్కన పెట్టి పోల్చి చూశాం, శ్రుతి సరిపోయింది.

ఇక ఆ ఆడమనిషి సంగతి. ఆమె అసలు పేరు మేరీ క్లేర్ ఎంబోయో మొసేకా. పదిహేడేళ్ల వయసులో అబెటీ మసికీనీ బృందంలో చేరి వెనక పాడుతూ, ఆడుతూ మొదలుపెట్టింది. అబెటీ సామాన్యురాలు కాదు. 1973లోనే పారిస్ ఒలింపియా వేదిక మీద పాడిన గాయని, 1994లో పోయింది. కాంగో సంగీతంలో వాద్యబృందాలన్నీ మగవాళ్ల రాజ్యంగా ఉన్న కాలంలో, తన పేరుతో బృందాన్ని నడిపిన మనిషి దగ్గర శిష్యరికం చేయడం ఎంబీలియాకు దక్కిన మొదటి అదృష్టం. తరువాత సామ్ మాంగ్వానా దగ్గర పాడింది. 1981లో టాబూ లే రోషెరో కంట పడి, ఆయన బృందమైన అఫ్రీసా ఇంటర్నేషనల్‌లో చేరింది. టాబూ లే అప్పటికే ఇరవై ఏళ్లుగా పేరున్న గాయకుడు, రచయిత. ఫ్రాంకో అనే మహా గిటారు విద్వాంసుడి బృందంతో ఆయన బృందానికి పోటీ. ఆ పోటీలో అఫ్రీసా వెనకబడుతున్నదని జనం అనుకుంటున్న రోజుల్లో ఈమె రావడం ఆ బృందానికి కొత్త ఊపిరి.

టాబూ లే ఆమె కోసం పాటలు రాశాడు, ఆమెను పెళ్లి చేసుకున్నాడు, వాళ్లకొక కూతురు పుట్టింది. అఫ్రీసాతో ఆమె పాడిన మొదటి పాట ‘ఎంపేవే యా లోంగో’. కికోంగో భాషలో పరిశుద్ధాత్మ అని అర్థం. మొగుడు వదిలేసి పోతే పిల్లలను ఒంటిచేత్తో సాకుతున్న ఇల్లాలి గోడు అది. జాయీరు ఆడవాళ్లు ఆ పాటను తమ పాటగా చేసుకున్నారు. మా దుబాసీ ఈ పాట గురించి చెబుతూ, తన తల్లి దీన్ని వంటింట్లో తప్ప ముందు గదిలో పెట్టనిచ్చేది కాదని అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆ ఇల్లాలి గోడును రాసినవాడు ఒక మగవాడు, పైగా ఆమెకు మొగుడు కాబోయేవాడు అన్న సంగతి నాకు చాలా కాలం మింగుడుపడలేదు. పాట విన్నప్పుడు మాత్రం రాసిన చెయ్యి గుర్తుకు రాదు. భాయ్ ఎక్కించి ఇచ్చిన మొదటి క్యాసెట్టులో మూడో పాట ఇదే. పల్లవికి ముందు ఆమె ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినపడుతుంది. పాత క్యాసెట్టులో అది బూజు చప్పుడులో కలిసిపోయి ఉండేది.

ఈ పాటల నడక తెలియని వాళ్లకు రెండు మాటలు. కాంగో రుంబా పాటలో సాధారణంగా రెండు భాగాలుంటాయి. మొదటిది నెమ్మదిగా సాగే కథ, గాయని చెప్పుకొచ్చే భాగం. రెండోది సెబెన్, గిటార్లు పగ్గాలు తెంచుకుని పరుగెత్తే భాగం, జనం లేచి ఆడేది అప్పుడే. ప్రధాన గిటారుకూ, లయ పట్టే గిటారుకూ నడుమ మీ-సోలో అని మూడో గిటారు ఒకటి ఉంటుంది. ఒకరు జడ అల్లుతుంటే మూడో పాయలాగా అది కనబడీ కనబడక తిరుగుతుంటుంది. హెడ్డు మర సరిచేశాక ఆ మూడో గిటారును నేను మొదటిసారి వేరుగా విన్నాను. నడుము ఆడించే ‘న్‌కుంబా’ అనే పాత కోంగో నృత్యం పేరు నుంచే రుంబా అన్న మాట వచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు. బానిసలుగా ఓడలెక్కించి క్యూబాకు తీసుకుపోయిన జనంతో ఆ లయ సముద్రం దాటింది, మళ్లీ 1930లలో గ్రామఫోను రికార్డుల రూపంలో కాంగో రేవులకు చేరింది. 2021 డిసెంబరులో యునెస్కో ఈ సంగీతాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది, కాంగో నదికి రెండు ఒడ్డులా ఉన్న రెండు కాంగో దేశాల తరఫునా.

సెబెన్ వచ్చేదాకా ఎదురు చూసే వాళ్లే ఎక్కువ. నా లెక్కలో ఎంబీలియా బెల్ గొప్పతనం ఆ మొదటి భాగంలోనే ఉంది. ఆమె తొందరపడదు. గిటార్లు ఎంత ఊరిస్తున్నా తన కథ తాను ముగించే దాకా వాటిని గుమ్మం బయటే నిలబెడుతుంది. ఒక మాటను మూడుసార్లు అంటే మూడుసార్లూ మూడు రకాలుగా అంటుంది. ‘ఎస్వి యో వాపి’లో ఆ ‘వాపి’ మొదట ప్రశ్న, రెండోసారి ఎత్తిపొడుపు, మూడోసారికి అడగడం మానేసినట్టుంటుంది. ఆసుపత్రిలో రోజుకు నలభై సార్లు అదే మాట అడిగిన వాణ్ణి కాబట్టి, ఒకే మాటను ఎన్ని విధాల అనవచ్చో నాకు కాస్త తెలుసు.

ఇప్పుడు పొరపాటు సంగతి. రెండో క్యాసెట్టు తీసుకోవడానికి వెళ్లినప్పుడు భాయ్ అంగట్లో లేడు, ఆయన కొడుకు ఇచ్చాడు. ఇంటికి వచ్చి వింటే ‘స్‌’ మనే టేపు చప్పుడు ఒక్క పిసరు కూడా లేదు. మొదట సంతోషించాను. రెండో పాటకు తేడా తెలిసింది. చప్పుడుతో పాటు గిటారు మెరుపూ పోయింది, తాళాలు నీళ్లలో మోగుతున్నట్టున్నాయి. అన్నిటికన్నా అన్యాయం, ఆమె ‘స’కారాలు మొద్దుబారాయి, ఊపిరి చప్పుడు మాయమైంది. కంప్యూటరులో చప్పుడు తీసేసే మీటను ఆ అబ్బాయి చివరికంటా తిప్పేశాడు. ఇప్పటి పిల్లలకు పాట వెనక ఏ చప్పుడూ లేకపోవడమే నాణ్యత. ఒక శనివారం మళ్లీ బస్సెక్కి వెళ్లి చెప్పాను. భాయ్ హెడ్‌ఫోను పెట్టుకుని అర నిమిషం విని, కొడుకును తిట్టకుండా, ‘అన్నం కడిగి కడిగి గంజి కూడా పారబోసినావు గదరా’ అని ఒక్క మాట అన్నాడు. డబ్బు తీసుకోకుండా మళ్లీ మొదటి నుంచి ఎక్కించి ఇచ్చారు. ఈసారి టేపు చప్పుడు సన్నగా ఉంది, ఆమె ఊపిరీ ఉంది. అయినా, ఇచ్చే ముందు ఒకసారి విని ఇవ్వవలసిన బాధ్యత అంగడిదే, ఈ విషయంలో అర మార్కు కోసేస్తున్నాను. మీరు వెళితే ముందే చెప్పండి: చప్పుడు తీయకుండా ఒక కాపీ, తీసి ఒక కాపీ, రెండూ ఇవ్వమనండి. అడిగితే ఇస్తారు.

ఆ రెండో క్యాసెట్టు నిండా నైరోబీ. ‘నాకేయి నైరోబీ’, అంటే నేను నైరోబీ పోతున్నాను, అనే పాట తూర్పు ఆఫ్రికా అంతటా మోగింది. స్వాహిలీ మాట్లాడే గోమాలో కూడా జనం లింగాలా చరణాలను నోటికి పాడుకునేవాళ్లు. 1985లో కెన్యా ప్రభుత్వం తన రేడియోలో విదేశీ సంగీతాన్ని నిషేధించిందనీ, ఆ దేశాధ్యక్షుణ్ణి పొగుడుతూ టాబూ లే కట్టి, ఈమె పాడిన ఒక నైరోబీ పాటతో ఆ నిషేధం తొలగిందనీ చెబుతారు. పొగడ్తతో పనులు జరగడం మనకు కొత్త సంగతి కాదు కాబట్టి నాకు నమ్మబుద్ధి అవుతుంది. 1987 చివర్లో టాబూ లే ఫాయా టెస్ అనే మరో గాయనిని బృందంలోకి తెచ్చాడు. ఇద్దరు గాయనులతోనూ కెన్యా, టాంజానియా, రువాండా తిరిగారు. ఆ యాత్ర బాగా జరిగింది, డబ్బూ పేరూ వచ్చాయి, ఇద్దరి మధ్యా పొసగలేదన్న మాటా వచ్చింది. కిన్షాసా చేరాక ఎంబీలియా అఫ్రీసాను వదిలేసింది. అంటే బృందాన్ని, భర్తను, తన పాటల రచయితను ఒకేసారి వదిలి బయటికి నడిచింది. ఆమెకప్పుడు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ‘ఎంపేవే యా లోంగో’ పాడిన మనిషి ఈ పని చేయడం గురించి మా దుబాసీని అడిగితే, అతను భుజాలు ఎగరేసి, ‘ఆ పాటలో మొగుడు పోయాడు, ఇక్కడ ఆమె పోయింది’ అన్నాడు.

మొదట పక్కనున్న గాబోన్ దేశంలో కొంతకాలం పనిచేసి, తరువాత పారిస్ చేరి, రిగో స్టార్ అనే కాంగో గిటారు విద్వాంసుడితో కలిసింది. ఇద్దరూ కలిసి చేసిన మొదటి ఆల్బమ్ ‘ఫెనొమెన్’ ఇంటా బయటా ఆడింది. 1990లలో అతనితోనే అమెరికా, యూరపు, పశ్చిమ ఆఫ్రికా తిరిగి కచేరీలు చేసింది. నా మూడో క్యాసెట్టు ఈ పారిస్ కాలానిది. దీని విషయంలో నాకూ భాయ్‌కీ అభిప్రాయం కలవలేదు. పాటలు నున్నగా ఉన్నాయి, సెబెన్ త్వరగా వచ్చేస్తుంది, అఫ్రీసాలో పాట నడుమ గుంపుగా లేచే బూరాల మోత లేదు, దాని చోట కీబోర్డు. తాళం గడియారంలాగా కొడుతుంటుంది. భాయ్‌కి ఇదే నచ్చింది. ‘రికార్డింగంటే ఇదీ సార్, ఒక్కొక్క సౌండు కడిగినట్టుండాది’ అన్నాడు. మెకానిక్కు చెవి అది, కాదనలేను. నా చెవికి మాత్రం ఆమె ఇక్కడ గిటార్లను గుమ్మం బయట నిలబెట్టడం లేదు, అవి నేరుగా ఇంట్లోకి వచ్చి కూర్చుంటున్నాయి. గొంతు అదే, బలం ఇంకా పెరిగింది కూడా. మొగుడి పాటలు పాడేటప్పుడు ఉన్న ఆ మొండి నిదానం మాత్రం తగ్గింది. స్వతంత్రంగా నిలబడిన ఆడమనిషి పాటల కన్నా అంతకు ముందరి పాటలు నాకు ఎక్కువ నచ్చుతున్నాయని ఒప్పుకోవడం కొంచెం ఇబ్బందే. వాటిలో టాబూ లే రాత బలం కూడా ఉందని ఒప్పుకోక తప్పదు. ఆయన 2013 నవంబరు 30న బ్రస్సెల్స్‌లో చనిపోయాడు.

క్యాసెట్టులో ఖాళీ మిగిలితే కాపీ తీసినవాడు చివర ఒక ఎంపోంగో లవ్ పాట వేశాడు. పోలియోతో కాళ్లు దెబ్బతిన్నా వేదికలేలి, 1990లో చిన్న వయసులోనే పోయిన గాయని ఆమె. ఆ పాట సగంలో టేపు అయిపోతుంది.

ఇక వెళ్లదలచిన వాళ్లకు కావలసిన వివరాలు. క్యాసెట్టుకు రెండు వందల యాభై రూపాయలు, అరవై నిమిషాలదైనా తొంభై నిమిషాలదైనా అదే ధర. అయితే తొంభై నిమిషాల క్యాసెట్టులో రీలు పలుచన కాబట్టి తెగితే తన పూచీ లేదని ముందే చెబుతాడు. బూజు తీయడానికి, డొక్కు మార్చడానికి ఇంకో వంద. పెన్‌డ్రైవు మనదే పట్టుకుపోవాలి. పాటలు ఎంపీత్రీగా ఇస్తాడు, అడిగితే కుదించని పెద్ద ఫైళ్లు కూడా ఇస్తాడు. మీకు ఒక్క సంగీతమే ముఖ్యమైతే పెద్ద ఫైళ్లే తీసుకోండి. చెప్పిన రోజుకు పని అవుతుందని నమ్మకండి. నాకు ‘గురువారం’ అన్నది రెండుసార్లు మరుసటి మంగళవారం అయింది. ఫోను చేస్తే ఎత్తడు. శుక్రవారం మధ్యాహ్నం అంగడి మూసి ఉంటుంది. రసీదు ఇవ్వడు, క్యాసెట్టు మీద చిన్న కాగితం అంటించి పెన్సిలుతో అంకె వేస్తాడు. నాది నూట నాలుగు. కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది, దాని ఒక కాలు విరిగితే తీగ చుట్టి ఉంది. ఆ కుర్చీలో కూర్చుని మీ క్యాసెట్టును మీ కళ్ల ముందే ఎక్కించుకోవచ్చు, నా సలహా అదే. పాట ఆడుతున్నంత సేపూ ఆయన వేరే పని పెట్టుకోడు, తల వంచుకుని వింటాడు.

మూడో క్యాసెట్టు రెండో వైపు ఇంకా రాలేదు. అక్కడ రీలు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి, లాగితే పైన పూసిన మసి ఊడి వస్తున్నది. భాయ్ తొందరపడనన్నాడు. క్యాసెట్టును ఒక బియ్యం డబ్బాలో గుడ్డలో చుట్టి పెట్టాడు, చెమ్మ లాగేస్తుందట. రొట్టెల పండుగకు బంధువులు దిగుతారు, ఆ సందడి తీరాక రమ్మన్నాడు. అట్ట మాత్రం నా దగ్గరే ఉంది. దాని మీద గోమా కొట్టువాడు రెండో వైపు పాటల పేర్లు రాశాడు గానీ, సంబాజా నూనె మరక పడి మూడు పేర్లు చెరిగిపోయాయి.